నలభై ఆరేళ్ళకు జిమ్ము కంటే ముందు కుర్చీ

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 46 ఏళ్ళు, 5 అడుగుల 7 అంగుళాలు, 89 కేజీలు, ప్యాంటు నడుము 41. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్లో లెక్కలు చూస్తారు, పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా లేవరు. కాలేజీ రోజుల్లో కబడ్డీలో రైడర్. మూడు నెలల సగటు షుగర్, అదే హెచ్‌బీఏ1సీ, 6.1 వచ్చేసరికి గుండె ఝల్లుమని ఏడాది ఫీజు ఒకేసారి కట్టి జిమ్ములో చేరారు. మొదటి రోజే వంద బస్కీలు, ట్రెడ్‌మిల్ మీద అరగంట పరుగు. ఆరో రోజుకి కుడి మోకాలు పట్టేసింది. ఇప్పుడు మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకుంటున్నారు. "ఈ వయసులో మళ్ళీ మామూలు మనిషిని అవుతానా, ఇక ఇంతేనా" అని అడిగారు.

అవుతారు. నేను బెజవాడలో 28 ఏళ్ళుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను, ధైర్యం కోసం చెప్పే మాట కాదిది. కాకపోతే ఆరు నెలల దారిని మీరు ఆరు రోజుల్లో నడవబోయారు. ఈ ఆరు నెలలన్న లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను, వింటే మీకు సగం దిగులు తగ్గుతుంది.

1966లో అమెరికాలోని డాలస్‌లో ఐదుగురు కుర్రాళ్ళను మూడు వారాలు మంచం దిగనివ్వకుండా పడుకోబెట్టారు. అందరికీ 20 ఏళ్ళే, ఏ రోగమూ లేదు. కదలకుండా పడి ఉంటే గుండె, ఊపిరి ఏమవుతాయో చూద్దామని చేసిన ప్రయోగం. మూడు వారాలకే వాళ్ళ దమ్ము దారుణంగా పడిపోయింది. ముప్పై ఏళ్ళ తర్వాత అదే ఐదుగురిని మళ్ళీ పిలిచి పరీక్ష చేశారు. అప్పటికి వాళ్ళకి 50 ఏళ్ళు. సగటున 77 కేజీలు ఉండేవాళ్ళు 100 కేజీలయ్యారు, ఒంట్లో కొవ్వు రెట్టింపైంది. దమ్ము కొలిచి చూస్తే, ముప్పై ఏళ్ళ వయసు చేసిన నష్టం కంటే అప్పట్లో మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది. తర్వాత ఆరు నెలల పాటు నడక, జాగింగ్, సైకిలు, కొద్దికొద్దిగా పెంచుకుంటూ చేయించారు. ఆరు నెలలయ్యేసరికి, 20 ఏళ్ళప్పుడు మంచమెక్కక ముందు సగటున ఎంత దమ్ము ఉండేదో అంతా తిరిగొచ్చింది. బరువు మాత్రం నాలుగున్నర కేజీలే తగ్గింది.

ఐదుగురితో చేసింది చిన్న లెక్కే, ఒప్పుకుంటాను. కానీ నా టేబుల్ మీదకు వచ్చేవాళ్ళలో నేను రోజూ చూసేది కూడా అదే. మిమ్మల్ని వయసు కంటే ఎక్కువగా దెబ్బ తీసింది మీ గల్లాపెట్టె పక్కన ఉన్న ఆ కుర్చీ.

మరి మోకాలు ఎందుకు పట్టేసింది? కండకు రక్తం బాగా అందుతుంది. పని పెడితే రెండు మూడు వారాల్లోనే బలం వచ్చినట్టు తెలుస్తుంది. ఆ కండను ఎముకకు కట్టే తాడు ఒకటి ఉంటుంది, టెండన్ అంటారు. మనవాళ్ళు దాన్నీ నరమనే అంటారు గానీ అది నరం కాదు. దానికి రక్తం తక్కువ, గట్టిపడటానికి నెలలు పడుతుంది. అంటే కండ "ఇంకా చేద్దాం" అంటుంటుంది, తాడు "నా వల్ల కాదు" అంటుంటుంది. కండ గొంతు పెద్దది కాబట్టి మనకదే వినపడుతుంది.

ఒకప్పుడు బాగా ఆడినవాళ్ళకి దీని మీద ఇంకో చిక్కు. ఎలా ఉరకాలో, ఎలా వంగి తప్పించుకోవాలో బుర్రలో చెక్కుచెదరకుండా ఉంటుంది. జీవితంలో మైదానం మొహం చూడనివాడు భయపడుతూ మెల్లగా మొదలుపెడతాడు, వాడికేమీ కాదు. దెబ్బ తినేది మీలాంటి రైడర్లే. సంక్రాంతి వెళ్ళిన మర్నాటి నుంచి నా దగ్గర రద్దీ మొదలవుతుంది. పండక్కి ఊరెళ్ళి, పాత జట్టు కనపడగానే పంచె ఎగ్గట్టి బరిలోకి దూకిన నలభై దాటిన మగాళ్ళే అందరూ.

ఒకాయన సంగతి చెబుతాను. వయసు 43, పదిహేనేళ్ళ తర్వాత షటిల్ బ్యాటు పట్టాడు. మూడో రోజు సాయంత్రం నెట్టు దగ్గర పడుతున్న కాక్ అందుకుందామని ముందుకు ఉరికాడు. టప్పుమని చప్పుడైంది. వెనక నుంచి ఎవరో పిక్క మీద బ్యాటుతో కొట్టారనుకుని "ఎవడ్రా అది" అని కోపంగా తిరిగి చూశాడట. వెనకాల గోడ తప్ప ఎవరూ లేరు. మడమ వెనక ఉండే లావుపాటి తాడు, అకిలిస్ టెండన్, తెగింది. ఆ తాడు తెగినవాళ్ళలో చాలామంది ఇదే మాట చెబుతారు, ఎవరో వెనక నుంచి తన్నినట్టుందని. ఆయనకి ఆపరేషనైంది, కట్టు, బూటు, ఆ తర్వాత నా దగ్గర ఆరు నెలలు. మీది మోకాలు పట్టేయడంతో ఆగింది. అదృష్టవంతులు.

ఇంత చెబుతున్న నేనేమీ బుద్ధిమంతుణ్ణి కాదు. నాకు 45 ఏళ్ళప్పుడు విజయవాడ స్టేషన్లో బండి కదులుతుంటే ఫుట్ బ్రిడ్జి ఎక్కి దిగి ఉరికి పట్టుకున్నాను. సీట్లో కూలబడ్డాక టీసీ టికెట్ అడిగితే రెండు నిమిషాలు నోట మాట రాలేదు. రోజూ పదిమందికి కాళ్ళు ఎలా కదపాలో నేర్పేవాణ్ణి, నా కాళ్ళ సంగతి ఎప్పుడూ చూసుకోలేదు. ఆ సిగ్గుతో మర్నాడే పాత బూట్లు వేసుకుని మూడు కిలోమీటర్లు పరుగెత్తాను. పది రోజులు చేశాను. పదకొండో రోజు పొద్దున మంచం దిగి పాదం నేల మీద పెడితే మడమలో మేకు దిగినట్టయింది. నాలుగు నెలలు కుంటుతూ నడిచాను. "డాక్టరు గారూ, మీ కాలికేమైంది" అని పేషెంట్లు అడుగుతుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. అందుకే ఆ తర్వాత ఎవరికి చెప్పినా కుర్చీతోనే మొదలుపెట్టిస్తున్నాను.

ఇప్పుడు పనిలోకి వద్దాం. డైనింగ్ టేబుల్ దగ్గర ఉండే చేతుల్లేని కుర్చీ ఒకటి తీసుకుని, జారకుండా వీపు వైపు గోడకు ఆనించండి. కాస్త ముందుకు జరిగి కూర్చోండి. పాదాలు భుజాలంత ఎడంగా, మడమలు నేలకు ఆని ఉండాలి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, ముందుకు వంగి, లేచి నిటారుగా నిలబడండి. మళ్ళీ కూర్చోండి. ఇంతే. చూడటానికి నవ్వులాటగా ఉంటుంది. 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేవగలిగారో మీ అబ్బాయినో అమ్మాయినో ఫోన్లో టైం పెట్టి లెక్కపెట్టమనండి. అమెరికాలో పెద్దవాళ్ళకి వాడే లెక్క ప్రకారం 60 నుంచి 64 ఏళ్ళ మగవాళ్ళు 14 కంటే తక్కువసార్లు లేస్తే బలం తక్కువ కింద లెక్క. మీ వయసువాళ్ళు, మీలాగే కుర్చీ ఉద్యోగాలు చేసేవాళ్ళు, నా దగ్గర పది పదకొండు దగ్గర ఆగిపోవడం ఎన్నోసార్లు చూశాను. మోకాలు నొప్పి ఉంది కాబట్టి మీరు ఈ పరీక్ష ఇప్పుడే చేయొద్దు, నొప్పి తగ్గాక చేయండి. వచ్చిన అంకె క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి.

లేవడం కంటే కూర్చోవడంలోనే అసలు పని ఉంది. చాలామంది కుర్చీ దగ్గరపడగానే కాళ్ళు వదిలేసి దబ్బున పడతారు. అలా కాకుండా మనసులో ఒకటి, రెండు, మూడు అనుకుంటూ దిగాలి. ఆఖరి రెండంగుళాలు మరీ మెల్లగా. ఆ రెండంగుళాల దగ్గర తొడ కండ వణుకుతుంది చూడండి, బలం పెరిగేది అక్కడే. ఇంకో సంగతి, లేచేటప్పుడు మోకాళ్ళు ఒకదానివైపు ఒకటి ఒరుగుతున్నాయేమో అద్దంలో చూసుకోండి. మోకాలు చిప్ప కాలి రెండో వేలి మీదుగా నడవాలి. మీకు ఆరు రోజుల్లో నొప్పి రావడానికి ఇదీ ఒక కారణమై ఉండొచ్చు. వంద బస్కీల్లో మొదటి పాతిక సరిగ్గానే తీసి ఉంటారు, మిగతా డెబ్భై ఐదూ అలిసిన కాళ్ళతో, లోపలికి ఒరిగిన మోకాళ్ళతో.

మోకాలు సద్దుమణిగేదాకా కుర్చీ మీద ఒక దిండు వేసి ఎత్తు పెంచుకోండి. ఎత్తు పెరిగితే మోకాలి మీద బరువు తగ్గుతుంది. 8 సార్లు, రెండు నిమిషాలు ఆగి ఇంకో 8 సార్లు. రోజు మార్చి రోజు. "ఇంతేనా" అనిపిస్తుంది. మొదటి రెండు వారాలూ ఇంతేనా అనిపించాల్సిందే, అనిపించకపోతే ఎక్కువ చేసినట్టు. మూడో వారం నుంచి 10 చొప్పున మూడు విడతలు. ఐదో వారానికి దిండు తీసేయండి. ఏడెనిమిది వారాలకి 5 లీటర్ల నూనె క్యాను ఖాళీ అయింది ఒకటి కడిగి, నీళ్ళు నింపి గుండెలకు హత్తుకుని చేయండి, అది 5 కేజీల బరువు. తర్వాత ఇంకాస్త ఎత్తు తక్కువ స్టూలు. ఆ పైన మన పాత గుంజీళ్ళే. వినాయకుడి ముందు చిన్నప్పుడు తీసినవే, ఈసారి చెవులు పట్టుకోనక్కర్లేదు.

నొప్పి మాటకొస్తే, నేను చెప్పే కొలత ఇది. పదికి ఎంత నొప్పి అని మిమ్మల్ని మీరే అడగండి. మూడు లోపు ఉండి, మర్నాడు పొద్దున లేచేసరికి మామూలైపోతే ఫర్వాలేదు, సాగించండి. మర్నాటికీ ఉంటే ముందు రోజు చేసింది ఎక్కువైందని అర్థం, సగానికి తగ్గించండి. రెండు తొడలూ సమానంగా సలుపుతూ రెండు మూడు రోజుల్లో పోయేది కండ నొప్పి, దానికి కంగారు పడక్కర్లేదు. ఒక్క కాలికే, ఒక్క చోటే, వేలు పెట్టి చూపించగలిగేట్టు పొడుస్తుంటే అది వేరే సంగతి. మన దగ్గర రెండు రకాల మనుషులున్నారు. ఒళ్ళు హూనమైతే తప్ప వ్యాయామం చేసినట్టు కాదనుకునేవాళ్ళు, కాస్త చురుక్కుమంటే నెల రోజులు దుప్పటి ముసుగేసేవాళ్ళు. ఇద్దరూ చివరికి నా దగ్గరకే వస్తారు.

కుర్చీతో పాటు ఇంకో మూడు చాలు. గోడకు చేతులు ఆనించి దండీలు, కొన్ని వారాలకి వంటింటి గట్టు మీద, ఆ తర్వాతే నేల మీద. మెట్టు అంచున నిలబడి రెయిలింగ్ పట్టుకుని మడమలు మెల్లగా పైకెత్తడం, దించడం, ఇది అకిలిస్ కోసం. మూడోది బరువు మోయడం. రెండు చేతుల్లో రెండు నీళ్ళ క్యాన్లు పట్టుకుని హాల్లో ఆ చివరి నుంచి ఈ చివరికి నాలుగుసార్లు నడవండి. యార్డులో టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, ఎత్తే హమాలీలను గమనించండి. నలభై కేజీల పైన ఉండే టిక్కీని నడుము వంచి లాగరు, ఒంటికి దగ్గరగా తెచ్చుకుని కాళ్ళతో లేస్తారు. 26 కేజీల బియ్యం బస్తా జరపబోయి నడుం పట్టేసిందని వచ్చే ఆఫీసరు గార్లకి నేను వాళ్ళనే చూపిస్తాను.

ఆరు నెలలకి గురి ఏమిటంటారా? బరువు సంగతి తర్వాత చెబుతాను. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, చెయ్యి నేలకు గానీ మోకాలికి గానీ ఆనించకుండా లేవాలి. బ్రెజిల్‌లో 51 నుంచి 80 ఏళ్ళ మధ్యవాళ్ళు 2,002 మందికి ఇదే పరీక్ష పెట్టి, కొన్నేళ్ళు వెంబడించి 2012లో ఫలితాలు ప్రకటించారు. ఎక్కువ ఆసరాతో లేచినవాళ్ళలో ఆ కొన్నేళ్ళలో చనిపోయినవాళ్ళు ఎక్కువ, ఆసరా లేకుండా లేచినవాళ్ళలో తక్కువ. మన నాన్నల తరం రోజుకి రెండుసార్లు పీట మీద కూర్చుని భోంచేసి లేచేది, పేరు తెలియకుండానే ఈ పరీక్ష పాసయ్యేది. డైనింగ్ టేబుల్ వచ్చింది, సోఫా వచ్చింది, కమోడ్ వచ్చింది, మన ఇళ్ళలో నేలతో పనే లేకుండా పోయింది. ఇప్పుడు పెళ్ళిలో పీటల మీద కూర్చున్న కన్యాదాతని లేపడానికి ఇద్దరు బావమరుదులు కావాలి.

వయసు మించిపోయిందేమో అన్న అనుమానం ఇంకా ఉంటే ఇది వినండి. 1990లో బోస్టన్లో ఒక వృద్ధాశ్రమంలో 90 ఏళ్ళవాళ్ళ చేత ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులు ఎత్తించారు. వాళ్ళ తొడల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్ళ కండ మాట విన్నది, నలభై ఆరేళ్ళ కండ వినకేం.

ఇక నడక. నడవండి, కానీ నడకొక్కటే చాలనుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దానితో పాటు వారానికి కనీసం రెండు రోజులు కండలకు పని. రెండో సగం మనవాళ్ళకి చేరనే లేదు. పొద్దున్నే గుంటూరులో ఎన్టీఆర్ స్టేడియంకి వెళ్ళినా, ఇక్కడ బందరు రోడ్డు మీద మున్సిపల్ స్టేడియంకి వచ్చినా వందల మంది నడుస్తుంటారు. పదేళ్ళుగా నడుస్తున్నవాళ్ళున్నారు, పొట్ట అలాగే ఉంటుంది. ఇరవై నిమిషాలు నడక, నలభై నిమిషాలు రాజకీయం, ఆ పైన అందరూ కలిసి నెయ్యి కారం దోశ. స్నేహానికి మంచిదే, కాదనను. వేగం ఎంతుండాలంటే, పక్కవాడితో మాట్లాడగలగాలి, పాట పల్లవి పాడబోతే మాత్రం ఊపిరి అందకూడదు.

యార్డు సీజన్లో మీకు పొద్దున స్టేడియంకి వెళ్ళే తీరిక ఉండదని తెలుసు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ ఊపిరి పీల్చుకోవడానికే టైం ఉండదు, పీల్చినా ఘాటే. కాబట్టి ముక్కలు చేయండి. తిన్న ప్రతిసారీ పది నిమిషాలు. టిఫిన్ తర్వాత పది, మధ్యాహ్నం క్యారేజీ ఖాళీ చేశాక షెడ్డు నీడలో పది, రాత్రి భోజనమయ్యాక వీధి చివరిదాకా పది. తిన్న వెంటనే కాళ్ళు కదిపితే అన్నంలోంచి వచ్చే షుగర్ని తొడ కండలు లాగేసుకుంటాయి, మీ 6.1కి ఇది సూటిగా పనిచేస్తుంది. ఫోన్ వస్తే లేచి నడుస్తూ మాట్లాడండి. కమీషన్ కొట్లో ఫోన్లకి కరువా?

ఎండ సంగతి కూడా చెప్పాలి. మా ఊరికి బ్లేజ్‌వాడ అని ఊరికే పేరు రాలేదు, మీ గుంటూరేమీ తక్కువ తినలేదు. ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె వెళ్ళేదాకా పొద్దున ఆరున్నర దాటాక బయట నడవొద్దు. ఆ రెండు నెలలూ ఇంట్లో కుర్చీ, మెట్లు, గోడ చాలు. చెమట పడితే కొవ్వు కరుగుతుందని ఎండలో ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని పరుగెత్తేవాళ్ళు కనపడతారు. పోయేది నీళ్ళు, రెండు గ్లాసుల మజ్జిగతో వెనక్కి వచ్చేస్తుంది.

తిండి గురించి మీరు "అన్నం మానేయాలా" అని అడిగారు. మానక్కర్లేదు. మీరు మానలేరు కూడా, పది రోజులు మాని పదకొండో రోజు రెట్టింపు తింటారు. ఆమధ్య కొబ్బరినూనె డైటు ఊపు వచ్చినప్పుడు ఇలా 12 కేజీలు తగ్గి 14 పెరిగినవాళ్ళు నాకు తెలుసు. తగ్గినప్పుడు కండ కూడా పోతుంది, పెరిగినప్పుడు వచ్చేది కొవ్వు. ముందు టీ చూసుకోండి. యార్డులో రోజుకి ఆరు టీలు తాగుతానన్నారు. టీకి రెండు చెంచాల చొప్పున వేసుకుంటే రోజుకి దాదాపు 50 గ్రాముల పంచదార, నెలకి కేజీన్నర. కిరాణా కొట్లో కేజీన్నర పొట్లం ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి, ఈ ఒక్క లెక్కే చాలు. అరగంట నడిస్తే మీ బరువుకి దాదాపు 150 కేలరీలు ఖర్చవుతాయి. ఆ టీల్లోని పంచదారే 190 దాకా ఉంటుంది.

పళ్ళెంలో మాత్రం ఒక మార్పు చేయండి. ముందు కూర, పప్పు, గుడ్డు తినండి, ఆ తర్వాత అన్నం కలుపుకోండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో కేజీ బరువుకి 0.83 గ్రాముల ప్రోటీన్, అంటే మీకు రోజుకి 70 గ్రాముల పైన. గుడ్డులో 6 గ్రాములు ఉంటుంది. గోంగూర పచ్చడి, చారు, మజ్జిగతో సరిపెట్టుకున్న రోజు మీకు ఇరవై కూడా అందదు, కండ దేంతో కట్టుకుంటుంది? గట్టి ముద్దపప్పు, రెండు గుడ్లు, పెరుగు, ఉడకబెట్టిన శనగలు, తినేవాళ్ళైతే చేపో చికెనో. పొడి డబ్బాలు కొనమని జిమ్ములో చెబుతారు, అవసరం లేదు. రాత్రి పదిన్నరకి యార్డు నుంచి వచ్చి తినే భోజనం సగం చేసి, మిగతా సగం సాయంత్రం ఆరుకి బజ్జీల స్థానంలో తినండి. ఇక తిండి సంగతి ఇంతకంటే సాగదీయను.

బరువు లెక్క ఇప్పుడు. మీ ఎత్తుకి 89 కేజీలంటే బీఎంఐ, అదే ఎత్తుకి బరువు తగినంత ఉందో లేదో చెప్పే అంకె, 31 దగ్గర. మనవాళ్ళకి 25 దాటితేనే ఊబకాయం కింద లెక్క. అయినా 65 కేజీలకి రావాలని కూర్చోవద్దు. 6.1 అంటే షుగర్ వాకిట్లో నిలబడి ఉంది, ఇంకా లోపలికి రాలేదు. 5.7 నుంచి 6.4 దాకా ఆ వాకిలే. 2002లో అమెరికాలో ఇలాంటి వాకిట్లో ఉన్నవాళ్ళని తీసుకుని, బరువు 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల శ్రమ అని గురి పెట్టారు. మామూలు సలహా, మందు లేని ఉత్తుత్తి మాత్రలతో సరిపెట్టినవాళ్ళతో పోలిస్తే షుగర్ వచ్చినవాళ్ళు 58 శాతం తగ్గారు. మీకు 7 శాతం అంటే ఆరు కేజీలు. ఆరు నెలల్లో ఆరు కేజీలు, నెలకొకటి. మోకాళ్ళు అరిగిన పెద్దవాళ్ళ మీద చేసిన పరిశీలనలో ఒక కేజీ తగ్గితే ప్రతి అడుగుకీ మోకాలి మీద 4 కేజీల భారం తగ్గుతుందని తేలింది. ఆ లెక్కన ఆరు కేజీలకి 24. టిక్కీలో సగం పైనే మీ మోకాలి మీద నుంచి దిగినట్టు.

అన్నట్టు, ప్యాంటు 41 అని నడుము కొలత రాశారు. ప్యాంటుని నమ్మకండి. పొట్ట పెరిగినకొద్దీ మగాళ్ళు ప్యాంటుని కిందకి దించుకుంటూ పోతారు, అది పొట్టని కొలవదు, పొట్ట కింద ఉన్నదాన్ని కొలుస్తుంది. టైలర్ టేపు తీసుకుని, ఊపిరి వదిలి, బొడ్డు మీదుగా కొలవండి. మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, అంటే 35 అంగుళాల పైన ఇంకో అర, దాటకూడదు. నెలకోసారి కొలవండి. బరువు కదలని నెలలో కూడా ఈ టేపు కదులుతుంది, అప్పుడు నిరుత్సాహపడకుండా ఉంటారు.

ఇదంతా మొదలుపెట్టే ముందు బీపీ చూపించుకుని, ఈసీజీ తీయించుకోండి. ఇంట్లో నాన్నగారికో అన్నదమ్ములకో చిన్న వయసులో గుండె జబ్బు ఉంటే డాక్టరుకి ఆ మాట చెప్పండి, ట్రెడ్‌మిల్ పరీక్ష కావాలో లేదో ఆయన చెబుతారు. 2004లో వచ్చిన 52 దేశాల పరిశీలనలో మొదటి గుండెపోటు మన ఉపఖండం వాళ్ళకి సగటున 53 ఏళ్ళకి వస్తే, మిగతా దేశాలవాళ్ళకి 59 దగ్గర వచ్చింది. మీరు దానికి ఏడేళ్ళ దూరంలో ఉన్నారు. నడుస్తుంటే గుండె మీద రాయి పెట్టినట్టున్నా, దవడకో ఎడమ చేతికో లాగుతున్నా, కళ్ళు తిరిగి చల్లటి చెమట పట్టినా గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకండి. మనవాళ్ళని గుండెపోటు చంపినంతగా ఈ "గ్యాస్" అన్న మాటా చంపుతోంది. 108కి ఫోన్ చేయండి.

జిమ్ముకి కట్టిన ఫీజు పోయిందని బాధపడకండి. ఎనిమిది వారాలు ఇంట్లో చేశాక వెళ్ళండి. ట్రైనర్ పాతికేళ్ళ కుర్రాడై ఉంటాడు, మంచివాడే అయి ఉంటాడు, కానీ వాడి టెండన్ల వయసు కూడా పాతికే. "బాబూ, నాకు మోకాలు పట్టేసింది, ఆరు వారాల దాకా గెంతే పనులేవీ చెప్పకు, బరువు వారానికి కొంచెమే పెంచుతాను" అని ముందే చెప్పండి. పక్క బెంచీ మీదవాడు ఎంత ఎత్తుతున్నాడో చూడొద్దు. కబడ్డీ బుద్ధి అక్కడే మేలుకుంటుంది.

ఒక్కటి మీరు రాయలేదు. ఆ కుడి మోకాలికి వాపు ఉందా? ఎడమదాంతో పక్కపక్కన పెట్టి చూసుకోండి, చిప్ప చుట్టూ గుంటలు రెండింటికీ ఒకేలా కనపడుతున్నాయా? నొప్పి చిప్ప ముందు వైపా, లోపలి పక్కనా? మెట్లు దిగేటప్పుడు ముందు వైపు మాత్రమే నొప్పైతే పైన చెప్పినట్టు దిండు వేసుకుని మొదలుపెట్టొచ్చు. వాపు ఉన్నా, మోకాలు మధ్యలో ఇరుక్కుపోయినట్టు ఆగిపోతున్నా, నడుస్తుంటే ఉన్నట్టుండి మడత పడిపోతున్నా కుర్చీ పని ఆపి, ముందు ఎముకల డాక్టరుకి చూపించండి. ఈ రెండిట్లో ఏదో రాస్తే మిగతాది అప్పుడు చెబుతాను.